అక్షరం లేని అచ్చు

ఈ పూట నేను ఒక ధ్వని తరఫున మాట్లాడబోతున్నాను. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. ఇంగ్లీషు 26 అక్షరాల్లోనూ లేదు. అయినా ఇంగ్లీషువారి నోట మరే అచ్చూ పలకనన్నిసార్లు అది పలుకుతుంది. బ్రిటిష్ ఉచ్చారణను లెక్కగట్టి చూసినవారికి అచ్చులూ హల్లులూ అన్నీ కలిపి ప్రతి పది ధ్వనుల్లో దాదాపు ఒకటి అదేనని తేలింది. ధ్వనిశాస్త్రంలో ఈ రకం అచ్చులను కేంద్రాచ్చులు అంటారు. వాటిలో మనకు ఎక్కువగా తగిలేదానికి ష్వా అని పేరు. హీబ్రూ లిపిలో అక్షరం కింద పెట్టే రెండు చుక్కల గుర్తు నుంచి ఆ పేరు వచ్చింది. నేను నడిమి అచ్చు అంటాను, నోటి నడుమ పుడుతుంది కనుక. మనలో చాలామంది దీన్ని బద్ధకపు ఉచ్చారణగా లెక్కవేస్తారు. మాట మింగేశాడంటారు, నోరు తెరిచి పలకలేదంటారు. ఆ మాట సరికాదని నా వాదన. ఈ అచ్చు నోరు చేసే పొరపాటు కాదు, నియమం తప్పకుండా నడిచే ధ్వని. రాతలో చోటు దొరక్కపోవడం వల్లనే దానికి ఈ చెడ్డపేరు వచ్చింది. ఈ సంగతి చెప్పుకోవడానికి రేడియోను మించిన చోటు లేదు. ఇక్కడ రాత అడ్డు రాదు, చెవి ఒక్కటే సాక్షి.

ముందుగా మీరున్న చోటనే ఒక చిన్న పని చేయండి. ‘ఇ’ అనండి. నాలుక ముందుభాగం పైకి లేచి అంగిలికి దగ్గరగా వెళుతుంది, పెదవులు పక్కలకు సాగుతాయి. ‘ఉ’ అనండి. ఈసారి నాలుక వెనకభాగం లేస్తుంది, పెదవులు గుండ్రంగా ముందుకు వస్తాయి. ‘ఆ’ అనండి. దవడ కిందికి దిగి నోరు పూర్తిగా తెరుచుకుంటుంది. ఇవి నోటిలో మూడు మూలలు. ఇప్పుడు ఏ మూలకూ పోకుండా, పెదవులను సాగదీయకుండా, గుండ్రంగా చుట్టకుండా, దవడను సగం మాత్రమే దించి, నాలుకను మధ్యలో తేలనిచ్చి గొంతు పలికించండి. అకారంలా ఉంటుంది గాని అకారమంత విప్పారదు. ఎకారం ఛాయ ఉంటుంది గాని ఎకారం కాదు. అదే ష్వా. అంతర్జాతీయ ధ్వనిలిపిలో దానికి ఇంగ్లీషు చిన్న ‘ఈ’ అక్షరాన్ని తలకిందులుగా తిప్పి గుర్తుగా పెట్టారు. మన తెలుగు అకారం కూడా నోటి ముందుకూ వెనక్కూ పోకుండా నడిమి భాగంలోనే పుట్టే ధ్వని. కాకపోతే అది నడిమి అరలో కింది మెట్టు మీద ఉంటుంది, ష్వా ఒక మెట్టు పైన ఉంటుంది. ఇద్దరూ ఒకే వరసలోని ఇరుగుపొరుగు. ఈ పొరుగుతనం మనకు తరవాత పనికొస్తుంది.

ఈ ధ్వనికి భౌతికశాస్త్రం ఇచ్చే సాక్ష్యం చక్కగా ఉంటుంది. గొంతులోని స్వరతంత్రుల నుంచి పెదవుల దాకా ఉన్న దారి పెద్ద మగవారిలో సుమారు 17.5 సెంటీమీటర్ల పొడవుంటుందని శాస్త్రజ్ఞులు లెక్కకు తీసుకుంటారు. ఎక్కడా ఇరుకు లేకుండా చివరిదాకా ఒకే లావుతో ఉన్న గొట్టం అనుకుందాం. గొంతు వైపు మూసి ఉంది, పెదవుల వైపు తెరిచి ఉంది. నోటి లోపలి వెచ్చని గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ వేగాన్ని గొట్టం పొడవుకు నాలుగింతలతో భాగిస్తే 500 వస్తుంది. అంటే ఆ గొట్టం మొదట 500 హెర్ట్జ్ దగ్గర, తరవాత 1500 దగ్గర, ఆపైన 2500 దగ్గర మారుమోగుతుంది. సమానమైన ఎడాలతో వచ్చే ఈ మూడు మోతలే ష్వా రూపురేఖలు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ ఫాంట్ 1960లో వెలువరించిన గ్రంథంతో ఈ రకం లెక్కలు ధ్వనిశాస్త్రంలో స్థిరపడ్డాయి. ‘ఇ’ అన్నప్పుడు నాలుక గొట్టాన్ని ముందువైపు నొక్కుతుంది, మొదటి మోత కిందికి దిగుతుంది, రెండోది పైకి ఎగబాకుతుంది. ‘ఉ’ అన్నప్పుడు రెండూ దిగుతాయి. తక్కిన అచ్చులన్నిటినీ ష్వా నుంచి ఎంత దూరం జరిగాయో చూసి కొలవవచ్చు. కొలబద్దకు సున్నా ఎంత అవసరమో అచ్చులకు ష్వా అంత అవసరం.

అలాగైతే అది నాలుక విశ్రాంతి తీసుకుంటున్నప్పటి శబ్దమే కదా, బద్ధకం అనడంలో తప్పేముంది అని ఎవరైనా అడగవచ్చు. ఇక్కడే ఒక పొరబాటు ఉంది. మాట్లాడని వేళ నాలుక ఉండే తీరు వేరు, ష్వా పలికేటప్పుడు ఉండే తీరు వేరు. ‘ఇ’ పలికిన మరుక్షణం ష్వా పలకాలంటే నాలుక పైనుంచి దిగాలి. ‘ఆ’ పలికాక ష్వా పలకాలంటే దవడ కొంత మూయాలి. నడుమకు చేరడం కూడా ప్రయాణమే. ఈ అపోహకు అచ్చుల పటం గీసిన తీరు కూడా కొంత కారణమని నేననుకుంటాను. లండన్‌లో ధ్వనిశాస్త్రజ్ఞుడు డేనియల్ జోన్స్ 1917 ప్రాంతంలో, తక్కిన అచ్చులను పోల్చి చూసే ప్రమాణాచ్చులను నిర్ణయించినప్పుడు ఎనిమిదింటిని తీసుకుని పటం అంచుల మీదనే కూర్చోబెట్టాడు. అంచుల దగ్గర నాలుక స్థానం కొలవడం తేలిక కనుక శాస్త్రానికి అది మంచి పద్ధతే. అయితే చూసేవారి కంటికి అంచులే ఊరు, మధ్యభాగం ఖాళీ పొలం అన్నట్టు కనిపించింది. నడిమి అరలో కింది మెట్టు మీది అకారానికి, అంటే మన తెలుగు అకారం లాంటిదానికి, అంతర్జాతీయ ధ్వనిలిపిలో ఇప్పటికీ సొంత గుర్తు లేదు. అది కావాలని 2008లో బారీ, ట్రూవాన్ అనే పండితులు వాదించారు. తరవాత అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర సంఘం సభామండలి ఓటింగు జరిపి వద్దని తేల్చింది. పక్క గుర్తు మీద రెండు చుక్కలు పెట్టుకుని పని గడుపుకుంటున్నారు.

నడిమి అచ్చులు నిజంగా మిగులు ధ్వనులే అయితే ఏ భాషా వాటి మీద బరువు మోపదు. కాని మోపిన భాషలున్నాయి. కాకసస్ కొండల నుంచి 19వ శతాబ్దంలో టర్కీకి తరలిపోయినవారి ఉబిఖ్ భాషలో 84 హల్లులుండేవి, అచ్చులు మాత్రం రెండేనని ఎక్కువమంది పండితుల లెక్క. ఒకటి అకారం వంటిది, రెండోది ష్వా. ఆ భాష ధారాళంగా మాట్లాడిన చివరి మనిషి తెవ్ఫిక్ ఎసెంచ్ 1992లో చనిపోయాడు. ఒక జాతి తన పాటలూ కథలూ తగవులూ అన్నీ ఆ రెండు అచ్చులతో నడుపుకుంది. అంత దూరం పోనక్కరలేదు, మన పొరుగునే చూద్దాం. మలయాళంలో ‘వచ్చాడు’ అనడానికి ‘వన్ను’ అంటారు. చివర ఉకారం పెదవులు గుండ్రంగా చుట్టి స్పష్టంగా పలుకుతారు. ‘వచ్చి’ అనడానికీ దాదాపు అదే మాట. అయితే చివర పెదవులు చుట్టరు, నడిమి అచ్చుతో పొట్టిగా వదిలేస్తారు. క్రియ పూర్తయిందా, ఇంకా మాట మిగిలి ఉందా అన్నది ఆ ఒక్క అచ్చు చెబుతుంది. మలయాళ వ్యాకర్తలు దానికి సంవృతోకారం అని పేరు పెట్టారు, అక్షరం నెత్తిన చంద్రకళ గుర్తుతో రాస్తారు. అర్థాన్ని మార్చే ధ్వనిని బద్ధకం అని ఎలా అంటాం?

తమిళులు ఇంకా ముందే దీన్ని పట్టుకున్నారు. ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం దీన్ని కుఱ్ఱియలుకరం, అంటే కురుచ ఉకారం అని పేర్కొని, దాని కాలం అర మాత్ర అని చెప్పింది. ఎక్కడ వస్తుందో నియమం కూడా ఉంది. పొట్టి అచ్చు ఒక్కటే ముందున్న ‘పసు’ వంటి మాటలో ఉకారం నిండుగా పలుకుతుంది. తమిళంలో చెవిని ‘కాదు’ అంటారు, ఆ మాటలో ముందు దీర్ఘం ఉంది కనుక చివరి ఉకారం కురుచవుతుంది. ‘తమిళనాడు’ అన్నప్పుడు మనం చివర పెదవులు గుండ్రంగా చుడతాం. ఏ తమిళుడి నోటైనా ఆ మాట వినండి, ‘నాడు’ చివర పెదవులు చుట్టుకోవు. మనకు అది ‘నాడ్’ అన్నట్టు వినిపించి, చివరి అచ్చు ఎగ్గొట్టారనుకుంటాం. వాళ్ళు ఎగ్గొట్టలేదు, తమ వ్యాకరణం చెప్పినట్టే పలికారు. వినలేకపోయింది మన చెవి.

ద్రావిడ కుటుంబంలో కొడగు, తోడ, ఇరుళ భాషల కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఈ కుటుంబానికంతటికీ మూలమైన మూలద్రావిడంలో హ్రస్వాలు అయిదు, దీర్ఘాలు అయిదు, మొత్తం పది అచ్చులేనని, నడిమి అచ్చుల వర్గం విడిగా లేదని భద్రిరాజు కృష్ణమూర్తిగారు తమ 2003 నాటి ద్రావిడ భాషల గ్రంథంలో వివరించారు. అలాంటప్పుడు కొడగు భాషలోకి రెండు కొత్త నడిమి అచ్చులు, వాటి దీర్ఘాలు ఎక్కడి నుంచి వచ్చాయి? 1930లలో ఆ ప్రాంతాల్లో తిరిగి భాషలను నమోదు చేసిన భాషాశాస్త్రవేత్త ఎమెనో దీనికి జవాబు చెప్పాడు. ‘ఇ’, ‘ఎ’ల తరవాత ట, డ, ణ, ళ వంటి మూర్ధన్యాలు వచ్చిన చాలా చోట్ల ఆ అచ్చులు నడుమకు జరిగాయి. ‘కీడు’ అని మెల్లగా అనండి. దీర్ఘ ఇకారానికి నాలుక ముందుకు పోవాలి, వెంటనే డకారానికి కొన వెనక్కి మడవాలి. రెండు పనులు ఒకదాన్నొకటి లాగుతాయి. మనం ఆ లాగుడును తట్టుకుని ఇకారాన్ని ఇకారంగానే నిలుపుతాం. కొడగువారి నోట తరాలు గడిచేకొద్దీ ఇకారం నడుమకు వచ్చి స్థిరపడింది, కొన్ని చోట్ల మాటల మధ్య అర్థభేదాన్నీ మోస్తోంది. ఇది బద్ధకం నుంచి పుట్టిందని ఒప్పుకున్నా, పుట్టిన తరవాత దానికి ఇల్లూ వాకిలీ ఏర్పడ్డాయి.

ఇక పెద్ద ఆక్షేపణ ఒకటి ఉంది. నోటిలో ప్రతి స్థానాన్నీ, ప్రతి ప్రయత్నాన్నీ జల్లెడ పట్టిన మన ప్రాచీనులు ఇంత ముఖ్యమైన ధ్వనిని గుర్తించకుండా ఉంటారా అని. వాళ్ళు గుర్తించారు, మనం మరిచిపోయాం. పాణిని అష్టాధ్యాయిలో దాదాపు 4000 సూత్రాలున్నాయి. ఎనిమిదో అధ్యాయం నాలుగో పాదం చివర, గ్రంథమంతటికీ ఆఖరున ఉన్న సూత్రంలో రెండే అక్షరాలు, రెండూ అకారాలే. మొదటిది వివృతం, రెండోది సంవృతం అని వ్యాఖ్యాతలు విప్పి చెప్పారు. వివృతం అంటే నోరు విప్పి పలికేది, సంవృతం అంటే కొంత మూసి పలికేది. వాడుకలో హ్రస్వ అకారం సంవృతం, దీర్ఘ ఆకారం వివృతం. అంటే అవి ఒకే ధ్వనికి పొట్టి పొడుగు రూపాలు కావు, నోటి తీరులోనే తేడా ఉంది. బడిలో మనమందరం చదువుకున్న సవర్ణదీర్ఘ సంధిని గుర్తు చేసుకోండి. రామ, ఆలయం కలిసి రామాలయం కావాలంటే అకార ఆకారాలు సవర్ణాలు కావాలి. ప్రయత్నం వేరైతే సవర్ణాలు కావు, సంధి కుదరదు. అందుకని పాణిని వ్యాకరణం నడిచినంతసేపూ అకారాన్ని వివృతంగా భావించి, పని ముగిశాక ఆఖరి సూత్రంతో దాన్ని నిజమైన సంవృత రూపానికి తిరిగి అప్పగించాడు. చివరి మూడు పాదాల సూత్రాలు తమ ముందువాటి దృష్టికి సిద్ధించనట్టే లెక్క కనుక ఈ మార్పు వెనకటి సంధులను చెడగొట్టదు. వేదాల ఉచ్చారణను వివరించే ప్రాతిశాఖ్యల్లో కూడా అకారాన్ని సంవృతంగా చెప్పినవి ఉన్నాయి. నేటి ధ్వనిశాస్త్రం ఆ సంవృత అకారాన్ని నడిమి అచ్చుగానే గుర్తిస్తుంది. మన వర్ణమాల మొదటి అక్షరమే ఈ కుటుంబంలోదన్నమాట. శాస్త్ర సౌకర్యం కోసం చేసిన కల్పనను శాస్త్రం చివర రద్దు చేసి, చెవికి వినిపించిన సత్యాన్ని నిలబెట్టిన ఆ నిజాయితీ నాకు అష్టాధ్యాయి మొత్తంలో అత్యంత ప్రీతిపాత్రమైనది.

సంవృత అకారానికి నేటి వాడుకలో మన తెలుగు అకారం కంటే హిందీ అకారం దగ్గర. హిందీలో అది ష్వాయే. పైగా అది ఎక్కడ నిలవాలో ఎక్కడ జారిపోవాలో నియమం ఉంది. రాతలో ‘రామ’ అని ఉన్నా నోట ‘రామ్’. ఉప్పును ‘నమక్’ అంటారు, అందులో రెండో అకారం నిలుస్తుంది. అదే మాటకు దీర్ఘంతో మొదలయ్యే ప్రత్యయం చేరితే ‘నమ్‌కీన్’ అవుతుంది, ఆ అకారం తప్పుకుంటుంది. ‘జనతా’ అని రాసి ‘జన్తా’ అంటారు. చదువు రాని పల్లెటూరి మనిషి కూడా ఈ నియమాన్ని తప్పడు. కంప్యూటరు చేత హిందీ చదివించాలంటే మాత్రం ఈ నియమాలన్నీ విడిగా నేర్పాలి. మంజరీ ఓహాలా వంటి పరిశోధకులు ఈ నియమాల మీద పుస్తకాలే రాశారు. తెలుగువాడు దేవనాగరిని అక్షరం అక్షరం కూడబలుక్కుని ‘జనతా’ అని నిండుగా చదివినప్పుడు తానే స్పష్టంగా పలికాననుకుంటాడు. రాతకు నమ్మకంగా ఉన్నాడు నిజమే, హిందీకి ఉండలేదు.

తెలుగు అజంత భాష, ప్రతి అచ్చూ నిండుగా పలికే భాష, మనకు ఈ గొడవ ఎందుకు అంటారు కొందరు. తెలుగులో బలహీనమైన అచ్చులు లేవన్నది నిజం కాదు. మూడక్షరాల మాటల్లో నడిమి హ్రస్వాన్ని గమనించండి. అడుగు, అడిగి, అడగక. పలుకు, పలికి, పలకక. కరుగు, కరిగి, కరగక. ఆ మధ్య అచ్చుకు సొంత రంగంటూ లేదు. తరవాత ఉకారం ఉంటే ఉకారం, ఇకారం ఉంటే ఇకారం, అకారం ఉంటే అకారం. గ్రాంథికంలో ‘అడుగక’ అని రాసేవారు, వాడుక దాన్ని ‘అడగక’ చేసింది. తొందరగా మాట్లాడేటప్పుడు ‘మనుషులు’ ‘మన్షులు’ అవుతారు, ‘అడుగుతాడు’ ‘అడుగ్తాడు’ అవుతుంది. ఇది బలం తగ్గిన అచ్చే. తేడా ఒక్కటే. బలం తగ్గినప్పుడు ఇంగ్లీషు అచ్చు నోటి నడుమకు వెళ్ళి నిలుస్తుంది, తెలుగు అచ్చు పక్కింటి అచ్చు వేషం వేసుకుంటుంది. రెండూ క్రమశిక్షణే. ‘అడగక’ అన్నవాణ్ణి మాట పాడుచేశాడని ఇవాళ ఎవరూ అనరు. అదే న్యాయం ష్వాకూ వర్తించాలి.

తెలుగు చెవికి ష్వా అసలు పట్టదన్న మాట కూడా నేను ఒప్పుకోను. దీనికి సాక్ష్యం మన ఇళ్ళలోనే ఉంది. కిరసనాయిలు అన్న మాట తీసుకోండి. ఇంగ్లీషు రాతలో ‘ర’ తరవాత ఉన్నది ‘ఓ’ అక్షరం. స్పెల్లింగు చూసి పలికినవారైతే ‘కెరో’ అనేవారు. ఆ నూనె కొన్నవారు, అమ్మినవారు స్పెల్లింగు చూడలేదు, మాట విన్నారు. అక్కడ ష్వా వినిపించింది. తెలుగులో దానికి అతి దగ్గర పొరుగైన అకారంతో ‘ర’ అన్నారు. కలెక్టరు, పేపరు, డాలరు చూడండి. ఇంగ్లీషులో ఈ మూడింటి చివర మూడు వేరు వేరు అచ్చులు రాస్తారు. ఒకచోట ‘ఓ’, ఒకచోట ‘ఈ’, ఒకచోట ‘ఏ’. తెలుగువాడు మూడింటినీ ‘అరు’ అనే అన్నాడు, ఎందుకంటే పలకడంలో మూడూ ఒకటే. గవర్నరు అన్న మాటలో రెండుసార్లు అదే జరిగింది. ఒక్క అక్షరం ముక్క రాని మనుషులు ఇంగ్లీషు ధ్వనిని ఇంత సరిగా పట్టుకున్నారు. ఆ తరవాత చదువు వచ్చింది, స్పెల్లింగు వచ్చింది, చెవి వెనక్కి తగ్గి కన్ను ముందుకు వచ్చింది. ఇవాళ మన పత్రికల్లో టేబుల్ అనీ టేబిల్ అనీ, హాస్పిటల్ అనీ హాస్పటల్ అనీ రెండు రకాలా కనిపిస్తే అది అజ్ఞానం కాదు. రాయవలసిన ధ్వనికి అక్షరం లేనప్పుడు చెయ్యి ఇటో అటో పోక తప్పదు.

అక్షరం లేకపోవడం మనకు కొత్త కాదు. ‘వచ్చాడు’ అన్న మాటలో చకారం తరవాత పలికే అచ్చు ఆకారమూ కాదు, ఏకారమూ కాదు. అందుకే కొందరు ‘వచ్చాడు’ అని, కొందరు ‘వచ్చేడు’ అని రాస్తూ వచ్చారు. 1858 నాటి బాలవ్యాకరణం తెలుగుకు వర్ణాలు 36 అని లెక్క చెప్పింది, ఈ అచ్చు ఆ లెక్కలో లేదు. అయినా రెండు రాష్ట్రాల్లో కోట్లాదిమంది దాన్ని రోజూ పలుకుతున్నారు. అలాగని ష్వాకు తెలుగులో కొత్త అక్షరం చేర్చాలని నేను అనడం లేదు. మలయాళంలో అది అర్థాన్ని మారుస్తుంది కనుక వాళ్ళకు గుర్తు అవసరమైంది. తెలుగు మాటల్లో దాని వల్ల అర్థభేదం రాదు. ఇంగ్లీషు మాట ఎలా పలకాలో నిఘంటువు చెబుతుంది, ఆ భారాన్ని మన లిపి మోయనక్కరలేదు.

ఇక మిగిలింది ఇంగ్లీషు చదువు ప్రశ్న. ఇంగ్లీషులో మాటకు ఒకచోట ఊనిక పడుతుంది, ఊనిక పడని చోట అచ్చు ఎక్కువగా నడుమకు జారుతుంది. ‘ఫోటోగ్రాఫ్’లో ఊనిక మొదటి అక్షరం మీద ఉంటుంది. ఆ బొమ్మ తీసేవాణ్ణి చెప్పే మాటలో ఊనిక రెండో అక్షరానికి మారుతుంది, మొదటి ‘ఫో’ బలం పోగొట్టుకుని ష్వాతో ‘ఫ’ వంటిది అవుతుంది, ‘ఫటాగ్రఫ’ అన్నట్టు వినిపిస్తుంది. ‘బనానా’లో మధ్యదొక్కటే నిండు అచ్చు, అటూ ఇటూ ష్వాలు. మనం మూడూ నిండుగా పలుకుతాం. హైదరాబాదులో 1958లో మొదలైన కేంద్రీయ ఆంగ్ల సంస్థకు చెందిన ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో పరీక్షించి 1969లో గ్రంథం వెలువరించారు. ఊనిక తప్పడం వల్ల చాలా చిక్కులు వస్తున్నాయని ఆయన పరిశీలనలో తేలింది. దీనికి బలమైన ప్రతివాదం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఇంగ్లీషు ఇప్పుడు ఒక్క ఇంగ్లీషువారిది కాదు, నైజీరియాలోనూ సింగపూరులోనూ మనలాగే నిండు అచ్చులతో పలుకుతారు, ఒకరికొకరు బాగానే అర్థమవుతారు. భాషాశాస్త్రవేత్త జెనిఫర్ జెన్కిన్స్ 2000లో ప్రచురించిన పుస్తకంలో అంతర్జాతీయ సంభాషణకు తప్పనిసరైన ధ్వనుల జాబితా కూర్చి, ఊనిక లేక బలం తగ్గిన రూపాలను అందులో చేర్చలేదు. నేను ఈ వాదనలో సగం ఒప్పుకుంటాను. తెలుగువాడు ‘బనానా’ నిండుగా అంటే ఎవరికీ నష్టం లేదు, దానికి సిగ్గుపడనక్కరలేదు. కాని ఆ వాదన నోటి గురించి, చెవి గురించి కాదు. అవతలివారు బలం తగ్గించి పలికినప్పుడు మనకు వినబడాలి కదా. ‘కప్ ఆఫ్ టీ’ అన్నప్పుడు మధ్య మాట ఒక నలిగిన ష్వాగా మారిపోతుంది. దాని కోసం చెవి ఎదురుచూడకపోతే మాటే లేదనిపిస్తుంది. ఇంగ్లీషు సినిమా చూస్తూ కింద అక్షరాలు లేనిదే అర్థంకాక తల పట్టుకునే పిల్లలకు లోటు పదాల్లో లేదు, ఈ అచ్చు వినడంలో ఉంది.

అందుకని బడిలో ఇంగ్లీషు చెప్పే టీచర్లకు ఒక మనవి. కొత్త మాట నేర్పేటప్పుడు స్పెల్లింగు బోర్డు మీద రాయకముందే రెండు మూడు సార్లు పలికి వినిపించండి. ఊనిక ఎక్కడ పడిందో బల్ల మీద తట్టి చూపండి, తక్కిన అచ్చులు ఎలా నడుమకు జారాయో పిల్లల చేతనే చెప్పించండి. ఆ తరవాతే సుద్దముక్క తీయండి. స్పెల్లింగు తెలియని రోజుల్లో కలెక్టరునూ కిరసనాయిలునూ అంత సరిగ్గా విన్న తెలుగు చెవి ఎక్కడికీ పోలేదు, మీ ముందు బెంచీల మీదనే కూర్చుని ఉంది.